బండికి గాలి పట్టింది

మా మామగారు పోతూ పోతూ మాకు వదిలినవి రెండు. పోచంపల్లి చీరల మూటలు మోసి మోసి నడుం వంగిన ఒక పాత కారు, ఆ కారు మీద మా అత్తమ్మకున్న మమకారం. ఆయన బతికినన్నాళ్లూ సాయంత్రమైతే తాగేవారు. పోయిన తర్వాత ఆ అలవాటు కారుకొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తుర్కయంజాల్ పోయి వచ్చేలోపు పెట్రోలు ముల్లు అడుక్కి పడిపోయేది.

అమ్మేద్దామంది నా భార్య. ఎల్బీనగర్‌లో పాత కార్లు కొనే ఒకాయనతో మాట్లాడేసింది కూడా. ఆదివారం వచ్చి బండి తీసుకుపోతానన్నాడట. అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. గుడికైనా దవాఖానకైనా ఆవిడ ఆ బండి ముందు సీట్లో కూర్చునే వెళ్లేది. చూడలేక, ఆదివారంలోపు బండి తాగుడు మాన్పిస్తానని మాటిచ్చాను.

నా ధైర్యమల్లా గ్రంథాలయం. బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేర్చిందంతా మా పేట గ్రంథాలయం పుణ్యమే. తేనెటీగలు, గ్రహణాలు, మూత్రపిండాలు, దేని గురించి అడిగినా ఓ మోస్తరుగా చెప్పగలను. అక్కడి కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలవి. నేను మోటారు వాహనాల పుస్తకం ముందేసుకుని రాసుకుంటుంటే, పక్క కుర్చీ అమ్మాయి జాలిగా అడిగింది.

"అంకుల్, మీకు ఏజ్ లిమిట్ దాటలేదా?"

దాటిందని చెప్పి మళ్లీ చదువులో పడ్డాను. పెట్రోలు ఎక్కువ తాగే బండికి ముందు టైర్లు చూడమంది పుస్తకం. గాలి తగ్గింది, కొట్టించాను. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడమంది. జాకీ పెట్టి చక్రం లేపి చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. ఇక మిగిలింది ఎయిర్ ఫిల్టర్. మూత విప్పగానే దొంగ దొరికాడు. మేం బండి పెట్టేది పరుపులు కుట్టే దుకాణం పక్కన. ఫిల్టర్ మొత్తం దూది పట్టి, దానికదే ఒక చిన్న పరుపులా తయారైంది.

ఇంత కనిపెట్టి ఇంట్లోవాళ్లకు వివరించకుండా ఎలా ఉంటాను? బానెట్ ఎత్తి ఇద్దరినీ పిలిచాను. పెట్రోలు ఒక్కటే మండదనీ, తగినంత గాలి ఉండాలనీ, లెక్క తప్పితే బండి ఊరికే తాగుతుందనీ చెప్పాను. ముందున్న నల్ల గొట్టం చూపించి, ఇదే బండి ముక్కు, గాలి లోపలికి దూరేది ఇక్కడినుంచే, ఈ కష్టమంతా గాలి వల్లనే అన్నాను. నా భార్య ఫోను చూసుకుంటోంది. అత్తమ్మ మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకుముందు లేరు.

"గాలేనంటవా అల్లుడా?"

"గాలే అత్తమ్మా. పుస్తకంల గూడ గదే ఉన్నది."

"నాకు ముందుగాల్నే అనుమానం ఉండె," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కొత్త ఫిల్టర్ తెచ్చి బిగించాను. ట్యాంకు నింపించి, అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పరీక్షకు బయలుదేరాను. ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి బండి దగ్గడం మొదలుపెట్టింది. వెనక నుంచి నల్లటి పొగ. పక్కన ఆగిన ఆటో అతను తల బయటపెట్టి, "అన్నా, మా గల్లీల గూడ జర కొట్టు, దోమలు మస్తుగున్నయ్," అన్నాడు. అత్తమ్మ వెనక్కి తిరిగి ఆ పొగను తృప్తిగా చూసి, "పోతున్నది, పోనీ," అంది. ఏం పోతోందో నాకర్థం కాలేదు. పెట్రోలైతే మునుపటికన్నా జోరుగా పోయింది.

మళ్లీ పుస్తకం తెరిచాను. పొగ నల్లగా ఉంటే గాలి అందడం లేదన్నమాట అని ఉంది. కొత్త ఫిల్టర్‌కు గాలి అందకపోవడమేమిటి? పుస్తకం మీదే అనుమానం వచ్చి ఇంకో పుస్తకం చూశాను. అదీ అదే మాట. శనివారం మళ్లీ బానెట్ ఎత్తాను. ఇంజను దగ్గర పెట్రోలు వాసనకు బదులు సాంబ్రాణి వాసన. బండి ముక్కులో వేలు పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగాను. ఎర్రగుడ్డ మూట. విప్పితే పసుపు బియ్యం, వేపాకు, ఒక నిమ్మకాయ.

"అత్తమ్మా, ఇదేంది?"

"గాలి గీ గొట్టంలకెల్లే దూరుతదని నువ్వే అంటివి గదా. దూరకుండ కట్టిన," అంది. నేను నోరు తెరిచేలోపే గొంతు తగ్గించి, "మీ మామ గాలే బిడ్డా. లేకుంటే బండి గింతగనం ఎందుకు తాగుతది? బతికున్నప్పుడు గూడ తాగొస్తే నేను తలుపు తియ్యకపోతుంటి. గీ బండిలనే పండుతుండె," అంది.

అప్పుడు తెలిసింది. నా ఉపన్యాసమంతా ఆవిడకు సరిగ్గానే అర్థమైంది, ఒక్క గాలి తప్ప. నాది పీల్చే గాలి, ఆవిడది సోకే గాలి.

ఆ రెండింటి తేడా చెప్పబోయాను. ఆవిడ వినలేదు.

"వాడు ఆదివారం బండి తీస్కపోతే మీ మామను గూడ తీస్కపోయినట్టే. తాగుడొక్కటి మానితే మీరు అమ్మరు గదా అని చేసిన."

మూట మళ్లీ కట్టి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. మామగారి చూపు రోడ్డు మీద ఉంటే తాగాలన్న ధ్యాస తగ్గుతుందని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున ముగ్గురం తుర్కయంజాల్ పోయి వచ్చాం. పొగ లేదు, దగ్గు లేదు. ముల్లు పెద్దగా కదల్లేదు. నా భార్య ముల్లు వైపు చూసింది, మూట వైపు చూసింది, ఆఖరికి తల్లి వైపు చూసింది.

మేం వచ్చేసరికి ఎల్బీనగర్ ఆయన మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అత్తమ్మ సీట్లోంచి దిగలేదు. అద్దం దించి చెప్పింది.

"బండి అమ్మం బిడ్డా. ఆయన తాగుడు మానేసిండు."

అతను ఒకసారి ఆవిడను చూసి, తర్వాత స్టీరింగు ముందున్న నన్ను తేరిపార చూశాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి నా భుజం తట్టాడు.

"మంచి పని జేసినవ్ అన్నా. మళ్ల మొదలుపెట్టకు," అన్నాడు.

పెట్టనన్నాను.