షిరాజ్ మీదుగా ఇంటికి

లైబ్రరీ దగ్గర ఎడమకి తిరగాల్సిన కారు తిరగలేదు. ఆంటీ తిన్నగా పోనిస్తూ, "ఈ గేటు దాటగానే ఊరంతా కింద కనిపిస్తుంది, చూడండి" అన్నారు. చికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో గేటు లేదు, కింద అనేదీ లేదు. చాప పరిచినట్టుండే నేల. పక్క సీట్లో ఉన్న నేను లేని బ్రేకు తొక్కాను. భయం మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఆవిడ మా పక్కింట్లో ఉంటారు. డెబ్భై దాటాయి. ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతం, షిరాజ్ ఊరు. అక్కడ చాలా ఏళ్లు బడిలో చరిత్ర చెప్పారు. నేనూ మావారూ ఇద్దరం ఆఫీసుకి వెళ్లే రోజుల్లో మా ఆడపిల్లలిద్దరినీ, ఎనిమిదేళ్లదాన్నీ ఐదేళ్లదాన్నీ, స్కూలు నుంచి తన కారులో ఇంటికి తెచ్చేవారు. ఆ రోజు నా కారు రిపేరులో ఉంది. పిల్లల్ని తీసుకొస్తూ రైల్వే స్టేషన్ దగ్గర నన్నూ ఎక్కించుకున్నారు.

దారి పొడుగునా ఆవిడ పిల్లలకి తన దేశం చూపిస్తారని నాకు తెలుసు. ఇంటికి వచ్చాక ఆల్బమ్ తీస్తారు. పాతకాలపు పర్షియా రాజధాని పర్సెపొలిస్‌లో మెట్లు అంత పొట్టిగా ఎందుకున్నాయంటే, పొడుగు అంగీల పెద్దమనుషులు తడబడకుండా ఎక్కడానికట. మెట్ల పక్క గోడ మీద దేశదేశాలవాళ్లు రాజుకి కానుకలు మోసుకెళ్తుంటారు. వాళ్లలో పంచె లాంటిది కట్టి, కావడి భుజాన వేసుకున్న మనవైపు మనిషి ఒకడున్నాడు. మా చిన్నది అతనికి తాతయ్య అని పేరు పెట్టింది. నక్షె రుస్తంలో నిట్టనిలువు కొండని తొలిచి కట్టిన రాజుల సమాధులు. పసర్గాదెలో మైదానం మధ్య, రాతి మెట్ల మీద ఒంటరిగా నిలబడ్డ ఒక చక్రవర్తి సమాధి. షిరాజ్‌లో గులాబీరంగు పెంకుల మసీదుకి పొద్దున్నే వెళ్లాలి, రంగు అద్దాల్లోంచి ఎండ తివాచీల మీద పడేది అప్పుడే. ఊరి మొదట్లో ఖురాన్ గేటు. దూరప్రయాణం వెళ్లేవాళ్లు దీవెన కోసం దాని కిందుగా సాగిపోయేవారట. అవన్నీ ఒకసారి చూడాలని నాకూ ఉండేది. ఈమధ్య వార్తలు విన్నాక ఆ ఆశ వదిలేశాను.

ఎర్ర లైటు దాటేశాం. పక్క కారు ఆగకుండా హారన్ కొట్టింది. "ఆపండి ఆంటీ" అనాలి. పెద్దావిడ, మనకి సాయం చేస్తున్న మనిషి. సీటు బెల్టు పట్టుకుని కూర్చున్నాను. వెనక సీట్లోంచి మా పెద్దది మెల్లగా, అలవాటైన పనిలా అంది.

"ఆంటీ, నెక్స్ట్ రైట్. తర్వాత ఇంకో రైట్."

ఆంటీ అలాగే తిప్పారు. "థాంక్యూ జాన్" అన్నారు. జాన్ అంటే వాళ్ల భాషలో ప్రాణం, ముద్దు పిలుపు.

ఇంట్లోకి రాగానే దాన్ని పక్కకి పిలిచాను.

"ఎప్పట్నుంచి చెప్తున్నావ్ దారి?"

"హాలొవీన్ నుంచి."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వేగా అన్నావ్, పెద్దవాళ్ల మిస్టేక్స్ చెప్పకూడదని. చెల్లికి లెఫ్ట్, రైట్ తెలీదు. సో నేనే చెప్తున్నా." నా మొహం చూసి మళ్లీ అంది. "ఆంటీ స్లోగానే డ్రైవ్ చేస్తుంది. రెడ్ లైట్ ఒక్కసారే మిస్ అయింది."

"ఇవాళ్టిదేనా?"

"ఇవాళ కాకుండా."

హాలొవీన్ అక్టోబరు ఆఖర్న. ఆ నెలలోనే జరిగింది గుర్తొచ్చింది. "పిల్లలతో శ్రమగా ఉందా ఆంటీ?" అని అడిగాను. "లేదు లేదు, వాళ్లు నా కళ్లు" అన్నారు. ఇరాన్ వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఏదడిగినా రెండుసార్లు మర్యాద కోసం జవాబు చెబుతారు, నిజం మూడోసారి అడిగినప్పుడే. ఆవిడే ఒకసారి నవ్వుతూ చెప్పారు. మా తెలుగిళ్లలో అయితే రెండోసారి అడిగితేనే నమ్మలేదనుకుంటారు. పైగా ఆ జవాబు నాకు అవసరం. మర్నాడు ఆఫీసుంది. ఒక్కసారి అడిగి వచ్చేశాను.

ఈసారి, ఎర్ర లైటు దాటిన ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, దారి మర్చిపోతున్నారా అని మూడుసార్లు అడిగాను. మొదటిసారి టీ పోశారు. రెండోసారి నా చెయ్యి తట్టారు. మూడోసారి గ్లాసు కింద పెట్టేశారు.

"మలుపు వస్తుంది. అది ఏ ఊరి మలుపో తెలియదు. నీ కూతురు చెబుతుంది" అన్నారు. మళ్లీ "దానికి చెప్పమని నేర్పింది నువ్వేననుకున్నాను. నీకు తెలిసే పంపుతున్నావనుకున్నాను" అన్నారు.

నాకు తెలియదని చెప్పాను. అది ఇంకా సిగ్గుచేటుగా వినిపించింది.

"మా అమ్మాయికి చెప్పకు. టెక్సాస్ నుంచి దిగి తాళాలు పట్టుకుపోతుంది. కారు లేకపోతే ఇక్కడ నేను ఈ గదిలోనే ఉండాలి."

సరే అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికొచ్చి వాళ్లమ్మాయికి ఫోన్ చేశాను. ఉన్నదంతా చెప్పేశాను.

మర్నాడు పొద్దున పిల్లలు బూట్లు వేసుకుంటుంటే చెప్పాను. "ఇవాళ్టి నుంచి ఆంటీ కారెక్కొద్దు. పిలిచినా ఎక్కొద్దు. ఆంటీ ఏ తప్పూ చేయలేదు, ఒంట్లో బాలేదు. నాన్న వచ్చి తీసుకొస్తారు."

"ఆంటీ మర్చిపోయి స్కూల్‌కి వచ్చేస్తే?" అంది పెద్దది.

ఆ మాట నాకు తట్టనేలేదు. "హాయ్ చెప్పు. చెల్లి చెయ్యి పట్టుకుని టీచర్ పక్కనే నిలబడు. ఆంటీ ఎంతసేపు ఉన్నా సరే, కారు దగ్గరికి మాత్రం వెళ్లొద్దు" అన్నాను.