ఆటలో మోగిన సైరన్

బాలరాజ్ టీవీలో పనిచేస్తాడని బొల్లారంలో అందరికీ తెలుసు గానీ, ఏం పని చేస్తాడో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. వాడకట్టు ఆడవాళ్లు అతని తల్లి పోశమ్మను ఆపి మరీ అడిగేవారు, టీవీల చేస్తడంటవు, ఎన్నడు కనవడడేందని.

"పెండ్లిల వంటోడు కనవడ్తడా? బువ్వయితే తింటున్నరు గదా," అనేది పోశమ్మ.

నిజానికి అతని పనీ అలాంటిదే. ఇంటర్ తప్పాక తెలిసినవాళ్లు స్టూడియోలో వైర్లు మోసే పనిలో పెట్టించారు. కొన్నాళ్లకు, చూడవచ్చిన జనం ఎప్పుడు చప్పట్లు కొట్టాలో చెయ్యెత్తి చూపేవాడయ్యాడు. ఆటలు కల్పించే విద్య అక్కడే పట్టుబడింది. ఆడవాళ్ల ఆటల ప్రోగ్రాం ఒకటి మూతపడబోతుంటే దాన్ని అతని చేతిలో పెట్టారు. ఏ ఆట ఆడించాలి, ఎవరిని ఆడించాలి, నవ్వు ఎక్కడ రావాలి, అంతా ఇక అతనిదే. టైమ్ అయిపోయిందని చెప్పే గంట మాత్రం అతనికి నచ్చలేదు. గుండె ఝల్లుమనాలన్నాడు. ఏసీ గదిలో కూర్చుని ఏవేవో చప్పుళ్లు విని, ఏవీ కుదరక, చివరికి ఒక సైరన్ పెట్టించాడు. సన్నగా మొదలై, పైకి లేచి, ఆగకుండా ఊళపెట్టే సైరన్. అది మోగితే చాలు, స్టూడియోలో ఆడవాళ్లు కెవ్వుమని అరిచి, నవ్వేవారు. ప్రోగ్రాం నిలబడింది, బాలరాజ్ కూడా నిలబడ్డాడు.

ఆటను ఊళ్లకు తీసుకెళ్దామని చానల్‌వాళ్లు అనగానే, ముందు బొల్లారమే అన్నాడు. ఫంక్షన్ హాలు నిండిపోయింది. ఆడేవాళ్లలో అదే వాడకట్టు సునంద ఒకతి. ఆమె భర్త లింగం దగ్గర్లోని మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర పని చేస్తాడు. ఆ పొద్దున షిఫ్టుకు వెళ్లాడు. సునంద కొల్లూరు, రుద్రారం చుట్టాలందరికీ ఫోన్లు చేసి, టీవీలో వస్తున్నా చూడమని చెప్పి పెట్టింది.

బంతిపూల దండ గుచ్చే ఆట. సునంద చెయ్యి సూదికంటే ముందు పోతోంది. దండ అందరికంటే ఆమెదే పొడుగు. అప్పుడు సైరన్ మోగింది.

పట్నం నుంచి వచ్చినవాళ్లు నవ్వారు. బొల్లారం ఆడవాళ్లు నవ్వలేదు. షిఫ్టు మారే సైరన్ ఏదో, ప్రమాదం సైరన్ ఏదో, చుట్టూ కంపెనీలే ఉన్న ఆ ఊళ్లో ప్రతి ఇల్లాలి చెవికీ తెలుసు. ముందు వరుసలన్నీ ఒక్కసారి లేచాయి, కుర్చీలు పడ్డాయి. పోశమ్మ కూడా లేచి నిలబడింది. సునంద చెప్పులు లేకుండా, చేతిలో దండతోనే బయటికి పరుగెత్తింది. ఇదీ తమాషాయే అనుకుని యాంకరమ్మ మైకు పట్టుకుని వెంటపడింది, కెమెరా ఆమె వెంట.

బాలరాజ్ చేరేసరికి సునంద కంపెనీ గేటు ఊచలు పట్టుకుని, మా లింగం బయటికొచ్చిండా అన్నా, అని అడిగిందే అడుగుతోంది. వాచ్‌మన్‌కు ఏమీ అర్థం కాలేదు. లోపల సైరనే మోగలేదంటాడు. కబురు వెళ్లి లింగం గేటు దగ్గరికి వచ్చాడు. అతన్ని చూశాక సునంద నేల మీద కూలబడి ఏడ్చింది. అదంతా కెమెరాలో పడింది.

చిన్నప్పుడు ఒకరోజు ప్రమాదం సైరన్ మోగితే, తల్లి కొంగు పట్టుకుని బాలరాజ్ నిలబడ్డ గేటు అదే. ఆ రోజు అతని తండ్రి సంగప్ప దగ్గుకుంటూ బయటికి నడిచి వచ్చాడు. పక్కింటి ఐలన్న రాలేదు. ఏసీ గదిలో తాను ఎంచుకున్నాననుకున్న చప్పుడు ఏ ఊళ్లోదో అతనికి ఇప్పుడు తెలిసింది.

సునంద కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "తమ్మీ, గిది చూపియ్యకు. మా ఆయన సచ్చిండనుకొని ఏడ్చిన మొఖమిది. గది ఆట గాదు."

చూపించనని మాటిచ్చాడు.

చానల్ పెద్దసారు ఆ ముక్క చూసి, ఇంతకాలం తాము వెతుకుతున్నది ఇదేనన్నాడు. నవ్వేవాళ్లు నవ్వుతారు, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, చూడటం మాత్రం అందరూ చూస్తారన్నాడు. బాలరాజ్ ఆ ఊరి సంగతంతా చెప్పి చూశాడు. పని కాలేదు.

"సైరన్ పెట్టింది నేను సార్. నా తప్పుకు ఆమె మొఖం అమ్మను," అన్నాడు. వెళ్లి ఆ ఆట రికార్డింగు మొత్తం చెరిపేశాడు. మర్నాడు అతన్ని స్టూడియో గేటు దగ్గరే ఆపేశారు. ఇప్పుడు ఇంకో చానల్లో, వేరొకరి కింద ఆటలు సర్దుతున్నాడు.

ఏడుపుతో పాటు దండ గుచ్చిన ఆట కూడా చెరిగిపోయింది. మిగతా ఆటలతో ప్రోగ్రాం వచ్చిన నాడు సునంద ఎక్కడా కనబడలేదు. రుద్రారం నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, ఊరంతటికి దండోరా ఏస్తివి, ఒక్క పువ్వన్న కనవడలేదేందని దెప్పింది. గుచ్చిన దండ సంగతి గానీ, పరుగెత్తిన సంగతి గానీ సునంద చెప్పలేదు.

"రాకపోతే రాకపాయె వదినా," అంది. "మీ అన్న, నేను పక్కపక్కకు కూసొనే చూసినం."