ఎదురెదురు తలుపుల కొట్టం

గిరిజ నాటింగ్‌హామ్‌లో ఒక ప్రైమరీ స్కూలు వంటగదిలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. కిందటేడు స్కూలు పిల్లల వెంట ఊరి బయటున్న పాత ఫార్మ్‌హౌస్ చూడ్డానికి వెళ్లింది. అప్పటినుంచి ప్రతి శనివారం అక్కడే. గదులు ఊడ్చేది, గైడ్లకు టీ పెట్టేది. ఈ ఏడు తనే గైడ్ కావాలనుకుంది. అందుకో పరీక్ష ఉంది. పదిమందికి ఆ ఇల్లూ, చుట్టూ ఉన్న కొట్టాలూ చూపించాలి. డెబ్బై దాటిన పెద్ద గైడ్ హిల్డా వెంట ఉండి వింటుంది. తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

వారం రోజులుగా భర్త సదాశివం కాగితాలు పట్టుకుని ప్రశ్నలు వేస్తున్నాడు.

"ముందు గోడ ఎప్పటిది?"

"పదిహేడు వందల నలభై. ఇటుక."

"దాని వెనకాల?"

"చెక్క చట్రం. ఇంకో నూరేళ్లు పాతది. పాత ఇంటికి కొత్త ముఖం తొడిగారు."

"నువ్వు ఫేషియల్ చేయించుకున్నట్టు."

"మీరు జుట్టుకి రంగేసుకున్నట్టు."

మేడమీంచి కూతురు శ్రీవల్లి అరిచింది. "మమ్, యూల్ బీ ఫైన్! జస్ట్ డోంట్ ఫీడ్ దెమ్!"

శనివారం ఇల్లు చూపించడం బాగానే సాగింది. పాలు చల్లగా ఉండాలని పాలగదిని ఉత్తరం వైపు కట్టారని చెప్పింది. ఎలుకలు ఎక్కకుండా ధాన్యపు గదిని పుట్టగొడుగుల్లాంటి రాళ్లమీద నిలబెట్టారని చూపించింది. హిల్డా కాగితం మీద ఏదో రాసుకుంటూనే ఉంది.

చివరికి బార్న్, అంటే కంకులు కొట్టి గింజ రాల్చే పెద్ద కొట్టం. ఎదురెదురు గోడలకి బళ్లు పట్టేంత తలుపులు. గాలి కోసమే అలా కట్టారని చెప్పి ఊరుకోవచ్చు. కానీ స్కూలు పిల్లలు కొట్టి వదిలేసిన గోధుమలు అక్కడే ఒక గోనెసంచిలో ఉన్నాయి, పొట్టుతో సహా. గిరిజ తణుకు నుంచి తెచ్చుకున్న చేట కూడా ఆ రోజు వెంట పెట్టుకొచ్చింది.

రెండు తలుపులూ తీయించింది. హిల్డా నిలబడే ఉంది. పెద్దావిడ నిలబడి ఉంటే గిరిజకు చేయి ఆడలేదు. ఒక కుర్చీ తెచ్చి, గాలి బాగా తగిలే చోట, తూర్పు తలుపు మధ్యలో వేసింది.

"ఇక్కడ కూర్చోండి. హాయిగా ఉంటుంది."

హిల్డా కూర్చుంది. గిరిజ గోధుమలు పోసిన చేటను తలపైకెత్తి, పడమటి తలుపు వైపు చూస్తూ ఆగింది. గాలి లేచింది. చేట వంచింది. గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి. పొట్టంతా గాలితో బాటు నేరుగా వెళ్లి హిల్డా మీద పడింది. నల్లకోటు, తెల్లజుట్టు, కళ్లద్దాలు అంతా పసుపు రంగు.

"అయ్యబాబోయ్!" గిరిజ చేట వదిలేసి పరుగెత్తింది. "సారీ ఆంటీ, సారీ..."

హిల్డా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కోటు మీద పొట్టు చేత్తో దులిపి, అరచేతిలో కాసేపు చూసుకుంది.

"తొమ్మిదేళ్లుగా ఈ తలుపులు గాలి కోసమని చెబుతున్నాను" అంది. "చలేస్తుందని ఏనాడూ రెండూ కలిపి తీయలేదు." తల విదిలించింది. పొట్టు రాలింది. నవ్వేసింది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంకో చేట పొయ్యండి. ఈసారి నేను పడమటి తలుపు దగ్గర నిలబడతాను."

టీ గదిలో హిల్డా తను రాసుకున్న కాగితం గిరిజ చేతికిచ్చింది. "ధాన్యపు గది కట్టిన సంవత్సరం తప్పు చెప్పారు. దిద్దుకోండి. వచ్చే శనివారం పదకొండింటికి వచ్చేవాళ్లకి మీరే గైడ్. కుర్చీ మాత్రం నేనే వేసుకుంటాను."

గిరిజ హిల్డా ఇచ్చిన గైడ్ బ్యాడ్జి స్వెట్టరుకు పెట్టుకుని, తలుపులు మూయడానికి బార్న్‌కి వెళ్లింది. ఇందాకటి వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఇంకా వెళ్లలేదు. చేటను చెరో అంచూ పట్టుకుని గాలి కోసం చూస్తున్నారు.

"ఇంకా పైకెత్తండి," అంది గిరిజ, "తొందర పడకండి."