కవి తల్లి కన్నవారు

పోయిన బుధవారం పలాస ఆసుపత్రిలో అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె రక్తాన్ని యంత్రం కడిగి తిరిగి లోపలికి పంపడానికి నాలుగు గంటలు పడుతుంది. కిడ్నీలు పాడైన మా ఉద్దానం వాళ్లకి ఇది సంతకు వెళ్లి రావడంలాగే అయిపోయింది. డిగ్రీ చదివే నా మనవరాలు తన పాఠంలోని అమెరికా కవి గురించి ఫోనులో ఏదో వెతుకుతోంది. అందులో ఆ కవి బొమ్మ చూడగానే నాకు పాత కోపం లేచింది. పంతొమ్మిదో శతాబ్దం వాడు. పేరు చెప్పను. వాడి పేరు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లమ్మ ఊసెత్తేవాళ్లే లేరు.

నేను బడికి వెళ్లింది నాలుగేళ్లు. ఇంగ్లీషు నేర్చుకున్నది టెక్కలి సంతలో దొరికిన ఆ కవి జీవితచరిత్రతో, అట్ట ఊడిన ఒక నిఘంటువుతో. అప్పట్లో పలాసలో అక్క అత్తవారింట్లోనే ఉండేవాణ్ణి. మధ్యాహ్నాలు ఆమె సొన అంటకుండా చేతులకు బూడిద రాసుకుని జీడిపిక్కలు కొడుతుంటే, ఎదురుగా కూర్చుని చదివింది చదివినట్టు తెలుగులో చెప్పేవాణ్ణి. కవి తాత ఓడలు కట్టించాడట. తండ్రి గుర్రపు జీనులు కుట్టించి అమ్మాడట. తాతగారి గుర్రం పేరు కూడా రాశాడు ఆ చరిత్ర రాసిన మహానుభావుడు! తల్లి గురించి మాత్రం ‘భక్తిపరురాలు’ అని ఒక్క ముక్క. అక్క చేతిలో చెక్కసుత్తి ఆగింది.

“ఆళ్లమ్మ కన్నోరు ఎవులురా?”

“రాయలేదక్కా.”

“గుర్రానికి పేరుంది గానీ ఆయమ్మకి ఊరు నేదేటి? మరి అత్తోరూర్లో ఏటని పిలిసినారు?”

అడగవలసిన మాటే. మా వైపు కోడల్ని పుట్టిన ఊరితోనే పిలుస్తారు. మాది సముద్రం ఒడ్డు బారువ కాబట్టి అక్క పలాసలో అందరికీ బారువమ్మ. సొంత పేరు రేషను కార్డుకే పనికొచ్చింది. కవి తల్లి ఊరేదో తెలిసేదాకా కథ ముందుకు నడపొద్దంది. కనుక్కుని చెబుతానని మాటిచ్చాను. కవి తర్వాత ఏమయ్యాడో నేను చదివేశాను, అక్క ఇప్పటికీ వినలేదు.

టెక్కలి లైబ్రరీలో అడిగితే పుస్తకాలిచ్చే ఆయన నవ్వాడు. “ఏటి బావా, ఆ కవికి మీ పిల్లనిత్తన్నావేటి?” దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. అన్నిటిలోనూ గుర్రం ఉంది. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అక్క వారం వారానికీ చిక్కిపోతోంది. ఇచ్చిన మాట తీరకుండానే ఆమె వెళ్లిపోతుందేమోనని నా బెంగ.

మనవరాలికి ఈ సంగతంతా చెప్పాను. అరగంట తర్వాత తలెత్తింది. ఎక్కడో ఒక చర్చిలో పెళ్లిళ్లు రాసుకున్న పాత పుస్తకం, ఫోనులో దాని ఫొటో.

“దొరికింది తాతా! సముద్రం ఒడ్డు ఊరు. సేపలు ఎండబెట్టి బతికేవోరట.”

అక్క చెవి దగ్గర వంగి ఊరి పేరుతో సహా చెప్పాను. కళ్లు తెరిచింది.

“మన బారువలాటిదేరా! ఎండుసేపల వాసనని ఆళ్లత్త ఎన్ని సాదించిందో పాపం.”

ఇద్దరం నవ్వాం. అక్క చెయ్యి కదిలి యంత్రం కీచుమంది. నర్సు వచ్చి నన్ను కసిరింది.

“ఇంక మిగతాది సెప్పు,” అంది అక్క.

ఇంకా గంటన్నర ఉంది. కావాలంటే కవిని పెంచి, పెద్ద చేసి, సాగనంపి కూడా రావచ్చు. నాకు మనసొప్పలేదు. అయిదేళ్లవాణ్ణి చేసి, మిగతాది తర్వాతి బుధవారానికి అట్టేపెట్టి ఆపాను. ఒక మనిషి బతుకు చెప్పడానికి ఎన్ని బుధవారాలు పడతాయో తెలియదు గానీ, నాకైతే ఏ తొందరా లేదు.