అత్త కట్టిన రెండు జాడీలు

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను వేలూరు మార్కెట్లో ఉన్నాను. "అత్త లేదమ్మా" అని మామ గుడియాత్తం నుంచి ఆ ఒక్కమాటే చెప్పగలిగాడు.

ఆమె గురించి మీకు చెప్పాలంటే కలాక్కాయలతో మొదలుపెట్టాలి. ఆంధ్రలో వాక్కాయలంటారే, అవే. పచ్చివి పప్పులో వేసేది. మాగినవాటి కోసం, గంపలో తెచ్చి అమ్మే గంపమ్మితో రోజూ పోట్లాటే. "యాడ కోసుకొస్తివమ్మా, సగం పచ్చివే ఉండాయే?" "పండేదాకా నువ్వే చెట్టు కింద కూచోరాదా అక్కా?" చివరికి ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

ఆ పళ్లను ఉప్పునీళ్లలో కడిగి, గింజలు తీసి, బెల్లం, లవంగాలు వేసి, మా నాన్న తెచ్చిన బ్రాందీ పోసి జాడీకి గుడ్డ కట్టేది. ఊరిన పళ్లు మటన్ కుళంబులోకి, అదే మాంసం పులుసులోకి, వెళ్లేవి. ఇంట్లో నేసే లుంగీల పడుగు పూర్తయి మగ్గం దిగినరోజు, వచ్చిన నేతగాళ్లకు చిన్న గాజు గ్లాసుల్లో ఆ ఎర్రటి రసం పోయడం ఆ ఇంటి మర్యాద.

మామ ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. ఎంతో కష్టపడి మానేశాడు. ఇక జాడీ పెట్టొద్దని మా నాన్న అన్నాడు.

"ఆయన మానుకున్నందుకు వీధిలో తల దించుకోవాల్నా అన్నా? రెండు పెడతా" అంది అత్త.

రెండో జాడీలో బ్రాందీ ఉండదు. అవే పళ్లు, అవే లవంగాలు, ముదురు బెల్లం పాకం. మామ గ్లాసు దాంతో నింపేది. అందరి చేతుల్లోనూ ఒకటే ఎరుపు. అది ప్రేమో, నలుగురి ముందు తగ్గకూడదన్న పంతమో నాకిప్పటికీ తెలియదు. ఏదైనా, అంత ఓపిక నాకు లేదు.

"పాకం పులిసి సారా అయిపోదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"నాలిక్కి చురుక్కుమంటే పారబొయ్యాల. అనుమానమొచ్చినా పారబొయ్యాల. పండ్లు మళ్లా కాస్తాయి."

ఆమె పోయాక మొదటి పడుగు పోయిన వారం దిగింది. మర్యాద తప్పకూడదన్నాడు మామ. వంటింట్లో రెండు జాడీలూ ఉన్నాయి, ఏ గుర్తూ లేకుండా. వేలు ముంచి చూశాను. ఒకటి గొంతులో మండింది. రెండోది కూడా నాలుకపై కాస్త చురుక్కుమంది. పులిసిందా, లవంగమా? మళ్లీ చూశాను, తేలలేదు. దాన్ని పారబోసి, ఒక గ్లాసు తక్కువగా పళ్లెం పట్టుకుని వెళ్లాను.

"మామా, నీది..." అన్నాను.

మామ నా ముఖం చూశాడు. లేచి, బిందెలోంచి గ్లాసులో నీళ్లు ముంచుకున్నాడు.

"ఏం మామా, నీకు మాత్రం నీళ్లా?" అన్నాడు పక్కింటి నేతగాడు.

"నేను మానేసి చానా ఏండ్లాయప్పా. ఇన్నాళ్లూ మీ అత్త నా గ్లాసుకు రంగేసింది."

మామ గ్లాసు పైకెత్తాడు. అన్ని ఎర్ర గ్లాసుల మధ్య ఆ ఒక్కదాంట్లోంచి, వెనకాల మడత పెట్టిన లుంగీల నీలి గళ్లు స్పష్టంగా కనిపించాయి.