మిరప కల్లంలో తీసిన ఫోటో

2024 మార్చి. వనపర్తిలో ఒక రైస్‌మిల్లు వెనక, మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. వలస కూలీల పిల్లల కోసం మూడు హాస్టళ్లు నడిపే చిన్న సంస్థ. తల్లిదండ్రులు బెంగళూరుకో పుణెకో కట్టడాల పనికి పోయినప్పుడు పిల్లల బడి ఆగిపోకుండా, వాళ్లు తిరిగొచ్చేదాకా మా దగ్గర ఉంచుకుంటాం. గద్వాల దగ్గర ఒకటి, పెబ్బేరులో ఒకటి, కొల్లాపూర్‌లో ఒకటి. వాటికి కావలసిన డబ్బు తేవడం నా ఉద్యోగం.

మార్చి మాకు కోతల కాలం లాంటిది. ముప్పై ఒకటో తేదీతో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి, పన్ను మినహాయింపు కోసం విరాళాలిచ్చేవాళ్లు ఎక్కువగా ఆ నెలలోనే ఇస్తారు. అప్పుడు మేం చేసేదాన్ని ఇయర్ ఎండ్ క్యాంపెయిన్ అంటాం. ఒక ఫోటో, ఒక కథ, ఒక విన్నపం. వాటినే ఈమెయిల్లో, వాట్సాప్‌లో పంపి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం. ఆ ఏడాది అడిగింది వేసవి ఖర్చు. బడులు ఏప్రిల్‌లో మూసేస్తారు. తల్లిదండ్రులు జూన్‌లో తొలకరికి గాని రారు. ఆ నడుమ రోజులు హాస్టళ్లు నడవకపోతే పిల్లలకు ఉండే చోటు లేదు.

నాతో పనిచేసే ఇద్దరూ ఆ జనవరిలోనే వేరే సంస్థలకు పోయారు. వాళ్ల కుర్చీల మీద పాత రసీదు పుస్తకాలు పెట్టుకున్నాను. హాస్టల్లో పనిచేసేవాళ్లకు ఎంత అలసినా సాయంత్రానికి పిల్లలు చుట్టూ చేరతారు. నాకు ఎదురుగా ఉండేది ఫోను. చాలామంది ఎత్తరు. ఎత్తినవాళ్లు మీటింగ్‌లో ఉన్నాం అంటారు. రోజంతా 'ఇప్పుడు కుదరదు' అన్న మాట విని గదికి పోతే, పక్కింటామె పలకరించినా మాట్లాడబుద్ధయ్యేది కాదు. నన్ను నేను నిలబెట్టుకోవడానికి ఒక పని చేసేదాన్ని. మధ్యాహ్నం హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసి, ఇయ్యాల ఏం కూర అని అడిగేదాన్ని. "బెండకాయ, పప్పు" అని ఆమె చెప్తుంటే వెనక పళ్లేల చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు విన్నాక ఇంకో ఇరవై ఫోన్లు చేయగలిగేదాన్ని.

ఆ ఏడాది క్యాంపెయిన్‌కు వాడిన ఫోటో నేనే తీసింది. అంతకు ముందటి ఏడాది వడ్డేపల్లి దిక్కు ఒక మిరప కల్లంలో ఏరుడు పని చేస్తున్న మాసమ్మ అనే ఆమెను తీశాను. ఎర్రటి మిరప కుప్ప, దాని ముందు ఆమె, చెంపల మీద నీళ్లు. మిరప పని కాగానే భార్యాభర్తలు బెంగళూరు పోతారు, కూతురు మంజుల మా గద్వాల హాస్టల్లో ఉంటుంది. ఫోటో కింద నేను రాసిన వాక్యం: 'బిడ్డను విడిచి వెళ్లలేక కన్నీరు పెట్టిన తల్లి.' మొదటి పదిహేను రోజుల్లో వచ్చిన విరాళాల్లో సగానికి పైగా ఆ ఫోటో చూసి వచ్చినవే.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. రోజూ స్క్రీన్ మీద చూస్తున్న ముఖమే అయినా నేను గుర్తుపట్టలేదు.

"నేను మాసమ్మను మేడం. మంజుల తల్లిని."

కూర్చోమన్నాను. నీళ్లిచ్చాను. రెండు బస్సులు మారి వచ్చింది.

"మా తమ్ముని పెండ్లికని బెంగళూరుకెల్లి వచ్చినం," అంది. "పెండ్లిల రాయచూరు సుట్టాలు ఫోన్ల నా బొమ్మ సూపిచ్చిన్రు. కింద రాసింది గూడ సదివి ఇనిపిచ్చిన్రు. మా ఆయన అన్నం ముందలకెల్లి లేసి పోయిండు."

"ఎందుకు, ఏమన్నరు?"

"పెండ్లాం గట్ల ఏడుస్తుంటె సూస్కుంట కూసున్నవా అన్నరు. నాల్గు దినాలాయె, నాతోని మాట్లాడ్తలేడు." గ్లాసు కింద పెట్టింది. "నేను ఏడ్సలే మేడం. మిర్పకాయ ఘాటు అది. నీ కండ్లు గూడ మండుతున్నయని నీళ్లు అడిగితివి గద. నా సెంబుతోనే మొకం కడుక్కున్నవు."

నాకు గుర్తుంది. ముఖం కడుక్కున్నదీ గుర్తుంది, ఆఫీసుకొచ్చి ఆ వాక్యం రాసిందీ గుర్తుంది. రాసేటప్పుడు అది నిజం కాదని తెలుసు. ఇంకెక్కడో ఏ తల్లో అట్లా ఏడ్చే ఉంటుందిలే అనుకున్నాను.

బీరువాలో ఆమె కన్సెంట్ ఫారం ఉంది. ఫోటో వాడుకోవచ్చని సంతకం చేసిన కాగితం. దాన్ని తీసి ముందు పెడదామా అన్న ఆలోచన నాకు వచ్చింది. అది దాచి ఈ కథ చెప్పలేను.

"పైసలు అడగాల్నంటె ఏడ్సినట్టే సూపియ్యాల్నా?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు.

"గట్ల చూస్తేనే ఇస్తరు మాసమ్మా."

"నేను గూడ అడుగుత. పనికి పోకముందు మేస్త్రిని అడ్వాన్స్ అడుగుత. ఏడ్సుకుంట అడిగితె వాడు తక్కువ కడ్తడు. నాకు గింత పని వస్తది, మా ఆయన గింత మోస్తడు, ఇయ్యి అంట."

నేను ఆమె గ్లాసులో మళ్లీ నీళ్లు పోశాను.

"ఆ బొమ్మ తీసెయ్యి మేడం. తీసేస్తె... నా బిడ్డను హాస్టల్‌కెల్లి తీసెయ్యవు గద?"

రెండు బస్సులు మారి, ఆ భయం కడుపులో పెట్టుకుని వచ్చిందామె. మంజులను ఎవరూ ఏమీ అనరని చెప్పాను. ఆ మాట ఆమె నమ్మేదాకా మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మీ ఆయనతో మాట్లాడతానన్నాను. నంబరు కలిపి, ఆ రాత నాదే తప్పని ఆయనకు చెప్పాను. అవతల ఆయన "మంచిది" అని పెట్టేశాడు.

ఆమెను బస్టాండులో దిగబెట్టి వచ్చి, హైదరాబాద్‌లో ఉండే మా డైరెక్టర్‌కు ఫోన్ చేశాను.

"పది రోజులే కదమ్మా, ముప్పై ఒకటి దాకా ఆగు," అన్నాడాయన. "కన్సెంట్ ఉంది కదా?"

"ఉంది సార్."

"మరింకేంది?"

"ఆమె ఏడవలేదు సార్."

ఆయన చెడ్డమనిషి కాదు, మూడు హాస్టళ్ల బియ్యం ఆయన తల మీదే ఉంది. "తీసెయ్యి. కాని వేసవికి డబ్బు తక్కువైతే, ఆ సంగతి పిల్లలకు నువ్వే చెప్పాలి," అన్నాడు.

ఆ సాయంత్రమే ఫోటో అన్నిచోట్లా తీసేశాను. మరుసటి రోజు నుంచి, ఆ ఫోటో చూసి ఇచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఆమె కంట్లో నీళ్లు మిరప ఘాటువని, నేను తప్పు రాశానని, డబ్బు వెనక్కి కావాలంటే పంపుతామని. ఈ పని చెయ్యమని ఎవరూ అడగలేదు. చాలామంది ఎత్తనే లేదు. కొందరు "సరే, పర్వాలేదు" అని పెట్టేశారు. నలుగురు వెనక్కి అడిగారు, పంపాం. ఒక రిటైర్డ్ లెక్చరర్ మాత్రం నిదానంగా విని, "అంటే పోయినేడు పంపిన కథ కూడా ఇట్లాంటిదేనా?" అని అడిగారు. చూసి చెప్తానన్నాను. పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. రెండుచోట్ల ఏడుపు నేను కలిపిందే. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఆ లెక్చరరమ్మ మళ్లీ ఎప్పుడూ విరాళం ఇవ్వలేదు.

మూడు రోజులు అట్లా గడిచాయి. ఆ మూడు రోజుల్లో ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చింది మంచినీళ్ల క్యాన్ వేసే అతనొక్కడే.

తర్వాత కొత్త ఉత్తరం రాశాను. ఫోటో లేదు. మాసమ్మ ఏడాదికి మూడు రాష్ట్రాల్లో పని చేస్తుందని, ఆమె కట్టిన మేడల్లో జనం కాపురముంటున్నారని, ఆమె కూతురు ఎనిమిదో తరగతిలో లెక్కల్లో మొదట వస్తుందని, వేసవిలో ఆ పిల్లకు నీడ కావాలని. పంపేముందు మాసమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. "మూడు కాదు మేడం, రెండే. ఆంధ్రకు పోక రెండేండ్లాయె," అంది. దిద్దాను.

ఆ ఉత్తరానికి డబ్బు వచ్చింది. కాని సరిపోయేంత రాలేదు. గద్వాల, పెబ్బేరు హాస్టళ్లు జూన్ దాకా నడిచాయి. కొల్లాపూర్‌ది మే నడుమ మూసేశాం.

డైరెక్టర్ అన్నట్టే, చెప్పడానికి నేనే పోయాను. వరండాలో ట్రంకు పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. కొందరు పిల్లలను మేనమామలు తీసుకుపోయారు. కొందరిని తండ్రులొచ్చి పుణె బస్సెక్కించారు, కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండడానికి. అడవి అంచు గూడెం నుంచి మనవడి కోసం ఒక ముసలామె వచ్చింది. ముందే ఎందుకు మూస్తున్నరని అడిగింది.

"పైసలు చాలలేదమ్మా. నేను తేలేకపోయిన," అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వేనా తెచ్చేది? ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"అయ్యో," అని, మనవడి పెట్టె నెత్తికెత్తుకుని పోయింది. ఆ మార్చి నుంచి నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. ఎవరి గురించి రాస్తే వాళ్లకు చదివి వినిపించకుండా ఏ ఉత్తరమూ పంపను. వాళ్లు కొట్టేయమన్నది కొట్టేస్తాను. డబ్బు మునుపటంత తొందరగా రాదు, ఫోన్లు ఎక్కువ చెయ్యాలి. తెలుసుకున్నదేమిటని అడిగితే ఇదే చెప్తాను: నిజం చెప్పి అడగడానికి ఒక ఖరీదుంది. ఆ ఏడాది దాన్ని కట్టింది నేను కాదు, కొల్లాపూర్ పిల్లలు. మార్చి వచ్చినప్పుడల్లా, ఇంకొక నంబరు కలిపే ఓపిక లేదనిపించినప్పుడు, నన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది అదే.