నాయన తిప్పి పంపిన తాంబూలం

మా చిన్నప్పుడు ఓటుకు గుర్తులు లేవు... రంగు డబ్బాలే. ఎవరికి వెయ్యాలనుకుంటే వాళ్ల రంగు డబ్బాలో చీటీ వెయ్యడమే. తెల్లవాళ్లు ఇంకా పోని రోజులు. ధర్మవరంలో మా నాయన మగ్గం ముందు కూర్చుని "ఆకుపచ్చ డబ్బా" అన్నాడంటే మా నేతవాళ్ల వీధి వీధంతా అటే.

నాయన జిల్లా బోర్డు మెంబరు. ఆకుపచ్చ డబ్బాకు నిలబడింది పెనుకొండాయన, పెద్ద భూస్వామి. ఆయన చేతి తాంబూలం నాయన అందుకున్నాడు... అంటే మాట ఇచ్చినట్టే. మా వైపు అది కాగితం రాసిచ్చినదానికంటే గట్టి.

యుద్ధం వల్ల అప్పుడు నూలు కరువు. సగం మగ్గాలు ఆగిపోయి, ఇళ్లలో పొయ్యి కూడా సరిగ్గా వెలగడం లేదు. సర్కారు రేషను లెక్కన మాకు రావలసిన కంట్రోలు నూలు పెనుకొండాయన గోదాములో మూటలు మూటలుగా ఉండటం నాయన కళ్లారా చూశాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజు ఆకులూ వక్కలూ పళ్లెంలో పెట్టి పెనుకొండకు తిప్పి పంపేశాడు. హిందూపురం సభలో నిలబడి, ఎదుటి పార్టీ వకీలు గారి పసుపు డబ్బాకే ఓటెయ్యమని చెబుతానన్నాడు.

అంతే... పెనుకొండాయనకు జడిసి, రోజూ మా అరుగు మీద కూర్చునేవాళ్లు ఎదురింటి అరుగుకు మారిపోయారు. మంగలి రావడం మానేశాడు. అవ్వ పట్టపగలే తలుపు గడియ పెట్టడం మొదలుపెట్టింది.

సభకు ముందురోజు మధ్యాహ్నం పెనుకొండాయన బండి మా వాకిట్లో ఆగింది. నవ్వుతూనే దిగాడు. చేతిలో అదే పళ్లెం, కొత్త ఆకులు.

"ఏమబ్బా నారాయణప్పా, కోపంలో పంపినావులే. మళ్లా తీసుకో" అన్నాడు.

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వు తీసుకోమ్మా."

తీసుకున్నాను. పెద్దవాళ్లు ఇస్తే వద్దనకూడదని అవ్వే కదా నేర్పింది...

"బడికి పోతాండావా?"

"పోతాండా. ఒకటో తరగతి."

"ఏ దోవన పోతావు?"

"వంక నీళ్లు దాటి, ఈతచెట్ల పక్కన. ఒక్కదాన్నే పోతా, నాకేం భయం లేదు." ఎంత బడాయో నాకు.

"ఒక్కదానివేనా" అంటూ ఆయన నా తల నిమిరాడు. చూపు మాత్రం నాయన మీదే.

అవ్వ వచ్చి నన్ను వెనక్కి లాక్కుంది. నాయన మెల్లగా నా గుప్పిలి విప్పి, ఆకులూ వక్కా తీసి మళ్లీ ఆ పళ్లెంలోనే పెట్టాడు.

"రేపు హిందూపురంలో మాట్లాడతా, అన్నా" అన్నాడు.

మాట్లాడాడు. పసుపు డబ్బా గెలిచింది. మగ్గాలకు నూలు కూడా వచ్చింది. నాయన మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

కానీ ఆ మధ్యాహ్నం నుంచి నన్ను గడప దాటనివ్వలేదు. "ఈ వారం వద్దులేమ్మా" అన్నాడు నాయన. ఓట్లయ్యాక "ఇంకో నెల" అన్నాడు. ఈతచెట్ల కింద ఎవరో ఇద్దరు రోజూ బీడీలు కాలుస్తూ కూర్చుంటున్నారట... ఎవరని అడిగితే అవ్వ చెప్పేది కాదు. నా పలకను అటక మీద పెట్టేసింది. అది మళ్లీ కిందికి దిగలేదు.

నాయన అంటే నాకు గర్వం. కోపం లేదని మాత్రం అబద్ధం చెప్పను, ఈ వయసులో కూడా ఉంది.

ఇప్పటి నాయకులు పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా. ఫోటోలు దిగుతారు, మిఠాయిలు పంచుతారు. వాళ్ల పిల్లల బడి ఒక్క పూట కూడా ఆగదు.

మీ ఇళ్లలోనూ ఇలా పార్టీ కాదని నిలబడ్డ పెద్దవాళ్లు ఉంటే, అందుకు ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారో రాయండి... మా మనవరాలు చదివి వినిపిస్తుంది. ఇది కూడా నేను చెబుతుంటే తనే రాసింది. నాకు రాయడం రాదు.